ఆ ఒప్పందంలో అడవివాళ్ల సంతకం ఏది?

శాంతిని తప్పుపట్టేవాళ్లం కాము మేము. తుపాకులు ఆగితే మొదట ఊపిరి పీల్చుకునేది అడవిలో ఉన్నవాళ్లే. అయినా ఈ వ్యాసంలో ఒక శాంతి ఒప్పందంతోనే వాదానికి దిగుతున్నాం. దక్షిణ అమెరికాలోని ఈక్వడార్, పెరూ దేశాలు 1998 అక్టోబరు 26న బ్రెజిల్ రాజధాని బ్రసీలియాలో చేసుకున్న ఒప్పందం అది. సరిహద్దు తగాదాలను మాటలతో ఎలా తీర్చుకోవాలో నేర్పేవాళ్లు ఈ ఒప్పందాన్ని గొప్పగా చూపిస్తుంటారు. ఇద్దరూ గెలిచారు, ఎవరూ ఓడలేదు అంటారు. ఎవరూ ఓడలేదన్న మాట నిజం కాదని మేము అంటున్నాం. ఓడినవాళ్లు ఉన్నారు. వాళ్లు ఆ బల్ల దగ్గర లేరు కాబట్టి లెక్కలోకి రాలేదు. వాళ్లు ఆదివాసులు.

ఎక్కడి ఈక్వడార్, ఎక్కడి పెరూ, మనకెందుకు అని అడిగే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటారు. అడగాల్సిందే. మా జవాబు ఇది. కొండ మీద ఉన్నవాణ్ణి అడగకుండా కొండను పంచుకోవడం అన్ని ఖండాల్లోనూ ఒకే తీరుగా జరిగింది. దూరంగా జరిగినదాన్ని చూస్తే ఆ తీరు స్పష్టంగా కనబడుతుంది. మన దగ్గర జరిగేటప్పుడు మన ఊరి పార్టీలు, మన కులపు మాటలు, మన అప్పులు, మన భయాలు అడ్డం వస్తాయి. అందుకే ఒకసారి దూరం పోయి చూద్దాం.

ఏరును అడగని గీత

ఈ తగాదా స్పెయిన్ రాజు కాగితాలతో మొదలైంది. ఆ దేశాలు రెండూ ఒకప్పుడు స్పెయిన్ పాలనలో ఉండేవి. స్వాతంత్ర్యం వచ్చాక అమెజాన్ అడవి ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. పెరూ 1802 నాటి రాజశాసనం చూపించింది. ఈక్వడార్ అంతకు ముందటి కీటో పాలనా హద్దులు చూపించింది. వందేళ్లకు పైగా ఇద్దరూ వాదించుకున్నది సముద్రం అవతల ఉన్న రాజు ఎవరికి ఏ అడవి రాసిచ్చాడన్నదాని మీదే. ఆ రాజు సైన్యం ఆ కొండల్లో ఎన్నడూ గట్టిగా కాలు మోపలేకపోయింది. షువార్ల లాంటి జాతులు తమ అడవిలోకి పరాయి పాలనను రానివ్వలేదు. అంటే ఇవ్వడానికి రాజు చేతిలో ఏమీ లేదు. తన చేతిలో లేనిదాన్ని ఒకరు రాసిస్తే, మరో ఇద్దరు ఆ కాగితం పట్టుకుని కొట్టుకున్నారు.

1941లో యుద్ధం జరిగింది. పెరూ గెలిచింది. 1942 జనవరి 29న రియో డి జనీరోలో ఒప్పందం రాశారు. అర్జెంటీనా, బ్రెజిల్, చిలీ, అమెరికా దేశాలు హామీదారులుగా నిలబడ్డాయి. గీత ఎక్కడ పోవాలో ఆ కాగితంలో మాటల్లో రాశారు. కాండోర్ పర్వతాల దగ్గర జమోరా, శాంటియాగో నదుల మధ్య ఉన్న నీటి విభజన రేఖే సరిహద్దు అన్నారు. అంటే, కొండ శిఖరం మీద పడిన వాన ఒక వైపు ఈ నదిలోకి, రెండో వైపు ఆ నదిలోకి పోయే చోటు. వినడానికి బాగానే ఉంది. 1947లో అమెరికా విమానాలు పైనుంచి ఫొటోలు తీసి పటం గీశాక అసలు సంగతి బయటపడింది. ఆ రెండు నదుల మధ్యలో సెనెపా అనే మరో ఏరు ఉంది. అది అప్పటిదాకా అధికారులు అనుకున్నదానికంటే చాలా పొడుగు. మధ్యలో మూడో ఏరు ఉంటే నీటి విభజన రేఖ ఒకటి కాదు, రెండు అవుతాయి. ఏది సరిహద్దు? ఆ ప్రశ్న దగ్గర సుమారు 78 కిలోమీటర్ల మేర హద్దురాళ్లు పాతడం ఆగిపోయింది. 1960లో ఈక్వడార్ అధ్యక్షుడు వెలాస్కో ఇబర్రా అసలు రియో ఒప్పందమే చెల్లదన్నాడు.

ఉపాధ్యాయ మిత్రులారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. సెనెపా ఏరు ఎక్కడ పుడుతుందో, ఎన్ని వంకలు తిరుగుతుందో, ఎక్కడ పెద్ద నీటిలో కలుస్తుందో తెలిసినవాళ్లు ఆ ఒడ్డున తరతరాలుగా ఉన్నారు. ఆ ఏట్లో చేపలు పట్టారు, పడవలు నడిపారు, పిల్లలకు స్నానాలు చేయించారు. వాళ్లను అడిగి ఉంటే 1942లోనే తెలిసేది. రెండు దేశాల రాజధానుల్లో, నాలుగు హామీదారు దేశాల రాజధానుల్లో ఏ ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు. విమానం ఎగరేసి ఫొటో తీయడం వాళ్లకు సులువనిపించింది. ఏటి ఒడ్డున ఉన్న మనిషిని అడగడం కష్టమనిపించింది. చదువుకున్నవాళ్ల తెలివి ఎక్కడ గుడ్డిదవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం మాకు దొరకలేదు. ఆ గుడ్డితనం ఖరీదు రెండు యుద్ధాలు. 1981లో పకీషా దగ్గర ఒకటి. 1995 జనవరి చివర్లో మొదలై నెల రోజులు నడిచిన సెనెపా యుద్ధం రెండోది.

చుట్టాల మధ్య గీత, చుట్టాల చేతికే తుపాకి

ఆ కొండలు ఎవరివి? ఈక్వడార్ వైపు షువార్లు, అచువార్లు. పెరూ వైపు అవాహున్లు, వాంపిస్‌లు, అచువార్లు. ఈ నాలుగు జాతుల భాషలూ ఒకే కుటుంబం. అచువార్లయితే రెండు దేశాల్లోనూ ఉన్నారు. ఒకే మాట, ఒకే రకం తోట సాగు, ఒకే రకం కథలు, పెళ్లి సంబంధాలు. వాళ్ల మధ్య కూడా పాత కక్షలు ఉన్నాయి. మేము ఎవరినీ దేవతలను చేయబోవడం లేదు. కానీ వాళ్ల కక్షలూ వాళ్లవే, రాజీలూ వాళ్లవే. కీటో, లీమా నగరాల కక్ష వాళ్లది కాదు.

యుద్ధం వచ్చేసరికి ఆ కక్షను వాళ్ల నెత్తిన పెట్టారు. ఈక్వడార్ సైన్యం అడవిలో దారులు తెలిసిన షువార్ యువకులతో ఇవియా అనే దళాన్ని నడిపింది. అటు పెరూ సైన్యానికీ అవాహున్, వాంపిస్ యువకులు దారి చూపారు, కాపలా కాశారు. ఒకే భాషా కుటుంబం వాళ్లు ఒకరి మీద ఒకరు తుపాకి ఎత్తవలసి వచ్చింది. యుద్ధం జరిగే రోజుల్లో వాళ్లను దేశభక్తులు అన్నారు, అడవి వీరులు అన్నారు, పత్రికల్లో ఫొటోలు వేశారు. యుద్ధం అయ్యాక చర్చల బల్ల వేసినప్పుడు ఆ వీరులకు కుర్చీ మాత్రం వేయలేదు. ప్రాణం ఇవ్వడానికి పౌరుడు, మాట చెప్పడానికి అనాగరికుడు. ఆబోతులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్లు విరిగినట్టు అని మన పెద్దలు అంటారు. ఇక్కడ లేగదూడలను ముందు నిలబెట్టి మరీ పోట్లాడారు.

యుద్ధం ఇంకొకటి కూడా వదిలి వెళ్లింది. రెండు సైన్యాలూ ఆ అడవి నేలలో మందుపాతరలు పాతాయి. మనుషుల్ని చంపే మందుపాతరలను నిషేధించే అంతర్జాతీయ ఒప్పందంపై 1997లో రెండు దేశాలూ సంతకం చేశాయి. అయినా యుద్ధం ముగిసి 25 ఏళ్లు దాటాక కూడా అక్కడ పాతరలు తీసే పని సాగుతూనే వచ్చింది. వేటకు పోయేవాడు, దుంపలు తవ్వే ఆడమనిషి అడుగు తీసి అడుగు వేయడానికి భయపడవలసిన నేలగా దాన్ని మార్చింది అక్కడివాళ్లు కాదు.

బల్ల దగ్గర ఎవరున్నారు

ఇప్పుడు పొగడ్తలు అందుకునే భాగానికి వద్దాం. అందులో మెచ్చదగినవి ఉన్నాయి, దాచం. 1995 ఫిబ్రవరి 17న బ్రెజిల్‌లో ఇతమరతీ శాంతి ప్రకటన మీద సంతకాలు అయ్యాయి. హామీదారు దేశాల సైనిక పరిశీలకులు వచ్చి రెండు సైన్యాలను దూరం జరిపారు. మూడేళ్లు మాటలు సాగాయి. 1998 ఆగస్టులో జమీల్ మావాద్ ఈక్వడార్ అధ్యక్షుడయ్యాడు. ఆయన హార్వర్డ్‌లో చర్చల శాస్త్రం చెప్పే రోజర్ ఫిషర్ దగ్గర చదువుకున్నవాడు. పెరూ అధ్యక్షుడు ఫుజిమోరితో పదేపదే కలిశాడు. తామిద్దరం ఎదురెదురుగా ఉన్న శత్రువులం కాము, ఒకే లెక్కను పక్కపక్కన కూర్చుని చేస్తున్నవాళ్లం అన్నట్టు జనానికి కనబడాలన్నది ఫిషర్ సలహా. మంచి సలహానే. తరగతిలో ఇద్దరు పిల్లలు కొట్టుకుంటే మేము కూడా అదే చేస్తాం.

చివరి ముడి మాత్రం వాళ్లిద్దరూ విప్పలేకపోయారు. దాన్ని హామీదారులకు అప్పగించారు. వాళ్లు ఏమి చెబితే దానికి కట్టుబడతామని రెండు దేశాల పార్లమెంట్లూ, ఆ తీర్పు ఏమిటో చూడకముందే ఒప్పుకున్నాయి. హామీదారులు చెప్పింది ఇది. సరిహద్దు కాండోర్ పర్వత శిఖరాల వెంబడి పోతుంది. అంటే పెరూ వాదన నెగ్గింది. ఈక్వడార్ సైనికులు పట్టు విడవకుండా పోరాడిన తివిన్సా దగ్గర 1 చదరపు కిలోమీటరు నేల ఈక్వడార్‌కు సొంత ఆస్తిగా వస్తుంది, సార్వభౌమాధికారం మాత్రం పెరూదే. సరిహద్దుకు రెండు వైపులా ప్రకృతి రక్షణ ప్రాంతాలు వస్తాయి. అమెజాన్ నదిలో ఈక్వడార్ పడవలకు దారి, వ్యాపార కేంద్రాలు ఉంటాయి. సరిహద్దు ప్రాంతాల అభివృద్ధికి పదేళ్లలో 300 కోట్ల డాలర్ల ప్రణాళిక. 1999 మేలో చివరి హద్దురాయి పాతారు.

తివిన్సా ఏర్పాటును చూడండి. ఒక దేశం నేల, ఇంకో దేశం ఆస్తి. పటం మీద గీత పెరూకు, చచ్చిపోయిన సైనికుల జ్ఞాపకం ఈక్వడార్‌కు. ఒకే నేల మీద రెండు రకాల హక్కులు ఉండవచ్చని పెద్ద పెద్ద న్యాయవాదులు ఒప్పుకున్నారు. చాలా తెలివైన ఏర్పాటు అని లోకమంతా మెచ్చుకుంది. మా ప్రశ్న ఇక్కడే ఉంది. రెండు దేశాల పరువు కాపాడటానికి ఒకే నేల మీద రెండు హక్కులు పుట్టించగలిగినవాళ్లకు, అదే నేల మీద మూడో హక్కు, అందరికంటే పాత హక్కు, ఎందుకు కనబడలేదు? సార్వభౌమాధికారం పెరూది, ఆస్తి ఈక్వడార్‌ది, మరి ఆ అడవి అక్కడ పుట్టినవాళ్లది అని ఇంకో వాక్యం రాయడానికి సిరా అయిపోయిందా?

అధ్యక్షులు సంతకాలు పెట్టారు. మంత్రులు పెట్టారు. హామీదారులు సాక్షులయ్యారు. షువార్ సంతకం లేదు. అవాహున్ సంతకం లేదు. వాంపిస్ సంతకం లేదు. అచువార్ సంతకం లేదు.

వాళ్లు చెప్పే మూడు సాకులు

మొదటి సాకు: అది రెండు దేశాల వ్యవహారం, అందులో తెగలకు ఏమి పని? దీనికి జవాబు ఆ దేశాలే సంతకం చేసిన కాగితంలో ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1989లో ఆదివాసుల హక్కుల మీద 169వ ఒడంబడిక తెచ్చింది. సరిహద్దులకు అటూ ఇటూ ఉన్న ఆదివాసుల మధ్య సంబంధాలకు, సహకారానికి ప్రభుత్వాలు అంతర్జాతీయ ఒప్పందాల ద్వారా కూడా వీలు కల్పించాలని దాని 32వ అధికరణం చెబుతుంది. తమను తాకే నిర్ణయాల మీద ఆదివాసులను సంప్రదించాలని 6వ అధికరణం చెబుతుంది. పెరూ దాన్ని 1994లో ఆమోదించింది. ఈక్వడార్ 1998లో, బ్రసీలియా సంతకాలకు కొద్ది నెలల ముందే ఆమోదించింది. ఒక చేత్తో అడుగుతామని సంతకం చేసి, ఇంకో చేత్తో అడగకుండా సంతకం చేశారు.

రెండో సాకు: పిలిచినా ఎవరిని పిలవాలి, వాళ్లకు సంఘం ఎక్కడ, నాయకుడు ఎక్కడ? ఈ మాట మనమూ వింటూనే ఉంటాం. షువార్ సమాఖ్య 1964లోనే ఏర్పడింది. ఆ సమాఖ్య తమ భాషలో రేడియో నడిపింది, రేడియో ద్వారా బడులు నడిపింది. రోడ్డు లేని ఊళ్లకు పాఠం గాలిలో పంపిన ఉపాధ్యాయులు వాళ్లు. పెరూ వైపు అవాహున్, వాంపిస్‌ల మండలి 1977లో ఏర్పడింది. ఈక్వడార్ ఆదివాసులందరి సమాఖ్య 1986లో ఏర్పడి, 1990లో దేశమంతా రోడ్లు దిగ్బంధం చేసింది. బ్రసీలియాలో సంతకం పెట్టిన మావాద్‌నే, దేశం ఆర్థికంగా కుప్పకూలినప్పుడు, 2000 జనవరిలో గద్దె దించిన తిరుగుబాటులో ముందు నడిచింది ఆ ఆదివాసులే. అధ్యక్షుణ్ణి దించగల సంఘం చర్చలకు పిలిచేటప్పుడు మాత్రం కనబడలేదట. చిరునామా తెలియక పిలవకపోవడం కాదు ఇది. పిలిస్తే ఏమి అడుగుతారో తెలిసి పిలవకపోవడం.

మూడో సాకు: శాంతి వచ్చింది కదా, వాళ్లకూ మేలే కదా, అటూ ఇటూ వచ్చిపోవచ్చు కదా? మేలే. యుద్ధం కంటే శాంతి మేలు. చుట్టాలను చూసి రావడం మేలు. కానీ దారి ఇవ్వడం వేరు, ఇల్లు ఎవరిదో ఒప్పుకోవడం వేరు. నా ఇంట్లో నేను తిరగడానికి నువ్వు అనుమతి ఇచ్చావంటే, ఆ ఇంటికి యజమాని నువ్వని నా చేత ఒప్పించావన్న మాట. శాంతి తర్వాత ఏమి జరిగిందో చూస్తే ఇది మాటల గారడీ కాదని తెలుస్తుంది.

తుపాకి పోయి తవ్వుడు యంత్రం వచ్చింది

సరిహద్దు తగాదా ఉన్నంతకాలం కాండోర్ పర్వతాల్లోకి పెద్ద కంపెనీలు రావడానికి జంకాయి. రేపు ఏ దేశానిదవుతుందో తెలియని కొండ మీద ఎవరు డబ్బు పెడతారు? గీత ఖాయం కాగానే ఆ జంకు పోయింది. ఆ కొండల్లో రాగి ఉంది, బంగారం ఉంది.

పెరూ వైపు ఏమైందో చూడండి. ఆ కొండల్లో జాతీయ ఉద్యానవనం పెడతామని ప్రభుత్వం అవాహున్, వాంపిస్‌ల దగ్గరకు వెళ్లింది. ఏళ్ల తరబడి మాట్లాడాక, నీటి ఊటలు కాపాడుకోవచ్చన్న ఆశతో వాళ్లు ఒప్పుకున్నారు. అప్పటి ఒప్పుదల సుమారు 1,52,000 హెక్టార్లకు. 2007లో ఇచిగ్కట్ ముహా అని వాళ్ల భాషా పేరుతోనే పార్కు ప్రకటించారు. విస్తీర్ణం మాత్రం సుమారు 88,000 హెక్టార్లు. మిగతా నేల గనుల తవ్వకానికి తెరుచుకుంది. పేరు వాళ్ల భాషలో, నేల కంపెనీ చేతిలో. మన దగ్గర కూడా పథకాలకు మన వీరుల పేర్లు పెడుతుంటారు కదా, ఆ రుచి మనకు తెలుసు.

ఆ మోసం మీద కోపం, అడవిని పెట్టుబడులకు తెరిచే కొత్త ప్రభుత్వ ఉత్తర్వుల మీద కోపం కలిసి 2009లో పెద్ద ఉద్యమమైంది. అవాహున్, వాంపిస్‌లు వారాల తరబడి రోడ్డు మీద కూర్చున్నారు. జూన్ 5న బాగువా దగ్గర పోలీసులు వాళ్లను ఖాళీ చేయించబోయారు. ఆ ఘర్షణలో 33 మంది చనిపోయారు. అందులో 23 మంది పోలీసులు, 10 మంది పౌరులు. పోలీసుల ప్రాణాలు కూడా ప్రాణాలే, మేము రెండు లెక్కలూ చెబుతాం. రెండు వారాల్లోపే అతి ముఖ్యమైన రెండు ఉత్తర్వులను పార్లమెంటు రద్దు చేసింది. 2011లో ఆదివాసులను ముందుగా సంప్రదించాలనే చట్టం వచ్చింది. 1994లో ఇచ్చిన మాటను చట్టంగా రాయడానికి 17 ఏళ్లు, 33 శవాలు కావలసి వచ్చాయి.

ఈక్వడార్ వైపు కథ కూడా అంతే. అక్కడ 2008 రాజ్యాంగం చాలా గొప్పది. దేశం అనేక జాతులదని రాసుకున్నారు. అంతర్జాతీయ సరిహద్దులతో విడిపోయిన జాతులు తమవాళ్లతో సంబంధాలు నిలుపుకునే హక్కు 57వ అధికరణంలో ఉంది. ఆ రాజ్యాంగం కిందనే 2012లో మిరాదోర్ రాగి గనికి చైనా కంపెనీతో ఒప్పందం అయింది. 2019లో తవ్వకం మొదలైంది. 2016లో మరో రాగి గని కోసం నాన్కింత్స్ అనే చోట షువార్ కుటుంబాలను ఖాళీ చేయించారు. ఆ గొడవలో ఒక పోలీసు చనిపోయాడు, ఆ ప్రాంతమంతా అత్యవసర పరిస్థితి పెట్టారు. 1995లో పెరూ నుంచి ఏ కొండలను కాపాడమని షువార్ యువకులకు తుపాకి ఇచ్చారో, 2016లో అదే పర్వతశ్రేణిలో షువార్ల ఊళ్ల మీదికి సైన్యాన్ని పంపారు. అప్పుడు ఒక్క అడుగు కూడా వెనక్కి లేదన్నది దేశం నినాదం. షువార్లు తమ నేల గురించి అదే మాట అంటే నేరమైంది.

ఎవరూ ఓడలేదని ఇంకా అంటారా?

వాళ్లు గీసుకున్న పటం

ఏడుస్తూ కూర్చోలేదు వాళ్లు. 2015 నవంబరులో పెరూలోని వాంపిస్‌లు తమ జాతికి తామే స్వయంపాలక ప్రభుత్వాన్ని ప్రకటించుకున్నారు. శాంటియాగో, మొరోనా నదుల పరీవాహకంలో సుమారు 13 లక్షల హెక్టార్ల తమ ప్రాంతానికి తామే పటం గీసుకున్నారు, తామే శాసనం రాసుకున్నారు. పెరూ నుంచి విడిపోతామని వాళ్లు అనలేదు. పెరూ దేశంలోనే ఉంటాం, కానీ ఈ నేల గురించి ఎవరు మాట్లాడాలన్నా మాతో మాట్లాడాలి అన్నారు. చర్చల శాస్త్రం నేర్చుకోవాలనుకునేవాళ్లు బ్రసీలియా ఫొటోతో పాటు ఈ పటాన్ని కూడా చూడాలి. బల్ల దగ్గరకు పిలవనివాళ్లు తమ బల్ల తాము వేసుకున్నారు.

మన గీతల సంగతి

ఇంత చెప్పి మన గడప దగ్గర మౌనంగా ఉంటే మేము ఉపాధ్యాయులమే కాము. ఆంధ్ర, ఒడిశా మధ్య కొటియా ఊళ్లు ఉన్నాయి. సాలూరు వైపు వాళ్లు మావి అంటారు, కొరాపుట్ వైపు వాళ్లు మావి అంటారు. 21 ఊళ్ల తగాదా 1968లో సుప్రీంకోర్టుకు పోయింది. 2006లో కోర్టు దాన్ని తాను తేల్చలేనని పక్కన పెట్టింది. 2021లో ఆంధ్ర వైపు పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా కోర్టుకు వెళ్లింది. రెండు రాష్ట్రాలు కొటియా మాది మాది అంటాయి. కొటియా ఆదివాసులు మావాళ్లు, వాళ్ల మాటే మా మాట అని ఏ రాష్ట్రం అంది?

2014లో పోలవరం కోసం ఖమ్మం జిల్లా మండలాలను ఆంధ్రలో కలిపారు. పార్లమెంటులో చట్టం అయింది. కోయలు, కొండరెడ్లు ఒక రాష్ట్రంలో పడుకుని ఇంకో రాష్ట్రంలో లేచారు. రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం రాష్ట్రాల హద్దులు మార్చే అధికారం పార్లమెంటుది. రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడుగుతారు. ఆ నేల మీద ఉన్న గ్రామసభను అడగాలని అందులో లేదు. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించమంటుంది. ఎకరం భూమికి అడగాలి, మొత్తం మండలాన్ని రాష్ట్రం మార్చేటప్పుడు అడగక్కర్లేదు. ఇదేమి న్యాయం? ఇక కోయలు తెలంగాణ, ఆంధ్ర, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల్లో నాలుగు ముక్కలుగా ఉన్నారు. నాలుగు రాష్ట్రాల బడుల్లో మూడు భాషల్లో చదువుతున్నారు. 169వ ఒడంబడికను మన దేశం ఇప్పటికీ ఆమోదించలేదు. 2007లో ఐక్యరాజ్యసమితి ఆదివాసుల హక్కుల ప్రకటనకు మాత్రం ఓటేసింది. సరిహద్దులతో విడిపోయిన ఆదివాసులు తమవాళ్లతో సంబంధాలు నిలుపుకునే హక్కు దాని 36వ అధికరణంలో ఉంది. ఓటేసిన మాట నిలబెట్టుకోమని అడగడం దేశద్రోహం కాదు. దేశం మాట దేశానికి గుర్తుచేయడం.

తరగతి గదిలో ఏమి చేద్దాం

ఈక్వడార్ బడుల్లో దశాబ్దాలపాటు పిల్లలకు చూపిన దేశపటంలో తగాదాలో ఉన్న అమెజాన్ నేల ఈక్వడార్‌దే. పెరూ బడుల్లో అదే నేల పెరూది. రెండు పటాలూ గోడకు వేలాడాయి. రెండు దేశాల పిల్లలూ ఆ పటాలు చూసి ఒకరినొకరు ద్వేషించడం నేర్చుకున్నారు. ఏ పటంలోనూ షువార్ పేరు లేదు. యుద్ధం సెనెపా ఒడ్డున మొదలు కాలేదు, ఆ పటాల ముందు మొదలైంది. ఆ పటాలు వేలాడదీసినవాళ్లు మాలాంటి ఉపాధ్యాయులే. అందుకే ఈ మాట ముందుగా మన వృత్తివాళ్లకు చెబుతున్నాం.

సరిహద్దుల పాఠం వచ్చినప్పుడు పిల్లల చేత రెండు పటాలు గీయించండి. ఒకటి పుస్తకంలో ఉన్నది. రెండోది వాళ్ల తాతను, అమ్మమ్మను అడిగి గీసేది: మన చుట్టాలు ఏ ఏ ఊళ్లలో ఉన్నారు, మన వాగు ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుంది, మన పండగకు ఎవరెవరు ఎక్కడి నుంచి వస్తారు. ఒక పటం మీద ఇంకోటి పెట్టి చూడమనండి. గీత ఎవరి గుండెల మీదుగా పోయిందో పిల్లలే చెబుతారు.

యువకులారా, ఇక మీకు. ఏ ఒప్పందం మీ ముందుకు వచ్చినా, అది రెండు దేశాలదైనా, రెండు రాష్ట్రాలదైనా, ప్రభుత్వానికీ కంపెనీకీ మధ్యదైనా, మూడు ప్రశ్నలు అడగండి. మాట్లాడుకునేటప్పుడు ఆ నేల మీది వాళ్లు బల్ల దగ్గర ఉన్నారా? కాగితం వాళ్లకు అర్థమయ్యే భాషలో ఉందా? సంతకాలు ఆరిన పదేళ్లకు ఆ నేల ఎవరి చేతిలో ఉంటుంది? మూడింటికీ జవాబు దొరకని ఒప్పందాన్ని శాంతి అని పిలవకండి. దాన్ని వాయిదా పడిన తగాదా అనండి, వాటాల పంపకం అనండి. శాంతి అన్న మాట మాత్రం దాచిపెట్టండి. ఆ మాటను మనం వాడవలసిన రోజు, మన సంతకంతో వాడుకుందాం.